వాషింగ్టన్ దఫ్తరఖానా

ఏ ఊరు వెళ్ళినా ఆ ఊరి గుడీ, కోటా, సంతా చూసి రావడం మన ఆచారం. వాషింగ్టన్ వెళ్ళినవారు శ్వేతసౌధమూ, శాసనసభల గుమ్మటమూ, లింకన్ విగ్రహమూ చూసి, ఫొటోలు తీయించుకుని వస్తారు. నేనూ అవన్నీ చూశాను. కాని, ఇంటికి తిరిగి వచ్చాక నన్ను విడవకుండా పట్టుకున్నవి ఆ గుమ్మటాలు కావు. రెండువందల ఏళ్ళనాటి ముసలివాళ్ళూ, వాళ్ళ భార్యలూ సర్కారుకు పెట్టుకున్న పింఛను అర్జీలు.

మా అమ్మాయి కాపురం వర్జీనియాలో. వెళ్ళిన నెలలోనే చూడవలసినవన్నీ చూడడం అయిపోయింది. ఒకనాటి ఉదయం నేను పత్రిక తిరగేస్తూ ఆవులిస్తుంటే అమ్మాయి నవ్వి, “నాన్నగారూ! ముప్ఫైరెండేళ్ళు ఖజానా ఆఫీసులో పింఛను బిల్లులతో కుస్తీపట్టారు గదా! ఇక్కడ జార్జి వాషింగ్టన్ నాటి పింఛను ఫైళ్ళున్నాయి, చూస్తారా?” అంది.

గుర్రానికి గుగ్గిళ్ళు చూపినట్లయింది. మర్నాడే ప్రయాణం.

సిల్వర్ లైను రైలెక్కి, లాన్‌ఫాంట్ ప్లాజా స్టేషనులో దిగి బండి మారితే, ఆ తరువాత వచ్చే మొదటి స్టేషను పేరే ‘ఆర్కైవ్స్’. పైకి రాగానే నేషనల్ ఆర్కైవ్స్ భవనం ఎదురుగా కనిపిస్తుంది. చుట్టూ 72 స్తంభాలు. దఫ్తరఖానా అంటే మనకు చీకటికొట్టూ, బూజూ, ఎర్రగుడ్డ మూటలూ గుర్తుకు వస్తాయి. ఇది అచ్చంగా గుడిలా ఉంది. ఒకప్పుడు ఈ చోట సెంటర్ మార్కెట్ అనే పెద్ద అంగడి ఉండేది. దాన్ని తొలగించి, జాన్ రస్సెల్ పోప్ గీసిన నమూనా ప్రకారం ఈ భవనం కట్టారు. 1933లో అధ్యక్షుడు హూవర్ శంకుస్థాపన చేశాడు. 1935లో ఉద్యోగులు గృహప్రవేశం చేశారు.

పెన్సిల్వేనియా వీథివైపు గుమ్మానికి అటూ ఇటూ రెండు పెద్ద విగ్రహాలు. ఒకటి మూసిన పుస్తకం పట్టుకున్న ముసలాయన. అతడు గతం. రెండోది తెరిచిన పుస్తకంతో కూర్చున్న పడుచుపిల్ల. ఆమె భవిష్యత్తు. జనమంతా రెండోవైపు గుమ్మం నుంచి వెళ్ళి స్వాతంత్ర్య ప్రకటనా, రాజ్యాంగమూ చూసి పోతారు. కాగితాలు చదవడానికి వచ్చేవారి దారి మాత్రం ఈ ముసలాయన పక్కనుంచే.

లోపల పద్ధతులు గట్టివి. బొమ్మతో సహా ఒక కార్డు చేసి ఇచ్చారు. సంచీ అలమారలో పెట్టి తాళం వేసుకోమన్నారు. పెన్ను పనికిరాదు, పెన్సిలే వాడాలి. ముప్ఫైరెండేళ్ళు జేబులో పెన్ను లేకుండా గడప దాటనివాణ్ణి, జేబు బోసిగా ఉండి అదోలా అనిపించింది.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం 1775లో మొదలై, 1783లో ఒడంబడికతో ముగిసింది. ఆ యుద్ధానికి సంబంధించిన పింఛను, ఇనాము భూముల ఫైళ్ళు ఇక్కడ సుమారు 80,000 ఉన్నాయి. వాటిని ఫిల్ముకెక్కిస్తే 2,670 చుట్టలయ్యాయి. మనకు చూపేది ఆ ఫిల్మే. ప్రతి ఫైలు మీదా ఒక అక్షరం ఉంటుంది. ‘ఎస్’ అంటే బతికి ఉన్న సైనికుడు పెట్టుకున్న అర్జీ. ‘డబ్ల్యు’ అంటే వితంతువు పెట్టుకున్నది. ‘ఆర్’ అంటే తోసివేసినది. ఈ మూడు అక్షరాలూ గుర్తుపెట్టుకోండి. నా కథంతా వాటి చుట్టే.

సగం జీతం మాట

సర్కారు మాట ఇవ్వడం ఎంత తేలికో, నిలుపుకోవడం ఎంత కష్టమో ఈ కాగితాలు చెబుతాయి.

1776లో యుద్ధం రేగి ఉండగానే, అంగవైకల్యం పొందినవారికి సగం జీతం ఇస్తామని అమెరికా కాంగ్రెసు తీర్మానించింది. 1778లో చలికి, ఆకలికి ఓర్వలేక ఆఫీసర్లు ఒక్కొక్కరే రాజీనామా ఇచ్చి పోతుంటే, చివరిదాకా నిలిచిన ఆఫీసర్లకు యుద్ధానంతరం ఏడేళ్ళపాటు సగం జీతం అన్నారు. 1780 ఆగస్టులో, సేవలో చనిపోయిన ఆఫీసర్ల భార్యలకూ, తల్లిలేని బిడ్డలకూ ఏడేళ్ళు సగం జీతం అన్నారు. అదే ఏడాది అక్టోబరులో ఆఫీసర్లకు ఏడేళ్ళు కాదు, బతికినంతకాలమూ అన్నారు. మామూలు సిపాయి భార్య మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మాట ఉంది గాని ఖజానాలో డబ్బు లేదు. పన్ను వేసే అధికారమే ఆనాటి కాంగ్రెసుకు లేదు. 1783 మార్చిలో న్యూబర్గ్ శిబిరంలోని ఆఫీసర్లు పళ్ళు నూరుతున్నారు. కత్తులు దింపకుండా కాంగ్రెసు మెడలు వంచాలని కొందరు పొంచి ఉన్నారు. మార్చి 15న జార్జి వాషింగ్టన్ వారి మధ్యకు వచ్చి మాట్లాడాడు. అంతా విన్నారు గాని, కరగలేదు. అప్పుడాయన ఒక ఉత్తరం చదవబోయి, అక్షరాలు ఆనక, జేబులోంచి కళ్ళద్దాలు తీశాడు. ఆయన అద్దాలు పెట్టుకోగా వారిలో చాలామంది ఎన్నడూ చూడలేదు. మీ కొలువులోనే జుట్టు నెరిసింది, ఇప్పుడు చూపూ మందగిస్తున్నది, మన్నించండి అన్నాడట. ఆ మాటకు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. తిరుగుబాటు తలపు అంతటితో చల్లారింది.

వారం తిరక్కుండానే కాంగ్రెసు, బతికినంతకాలం సగం జీతానికి బదులు ఐదేళ్ళ పూర్తి జీతం ఒకేసారి ఇస్తామంది. దాని పేరు కమ్యుటేషన్. ఈ మాట మన పింఛనుదారులకు కొత్త కాదు. కాని, అక్కడ ఇచ్చింది రొక్కం కాదు, కాగితం. వడ్డీ వస్తుందని వ్రాసిన పత్రం. పొయ్యిలోకి కట్టె కావలసినవాడు వడ్డీకోసం ఎన్నాళ్ళు కాచుకుంటాడు? రూపాయి విలువ కాగితాన్ని రెండణాలకూ, మూడణాలకూ వర్తకులకు అమ్ముకుని చాలామంది ఇళ్ళకు చేరారు. 1790లో కొత్త ప్రభుత్వం ఆ పత్రాలకు విలువ కట్టి బాకీ తీర్చబూనుకొనే సరికి, అవి చాలావరకు వర్తకుల పెట్టెల్లో ఉన్నాయి.

హామిల్టన్ భార్య

ఆ బాకీ తీర్చే ఏర్పాటు చేసిన ఖజానామంత్రి అలెగ్జాండర్ హామిల్టన్. ఆయనా ఆ యుద్ధంలో లెఫ్టినెంట్ కర్నలే. తన వాటా తనకు రావలసినవాడే. కాని, కాంగ్రెసు సభ్యుడిగా తోటి ఆఫీసర్ల తరపున వాదించవలసి వచ్చినప్పుడు, స్వలాభం కోసం మాట్లాడుతున్నాడని ఎవరూ అనకుండా తన హక్కు వదులుకున్నాడు. గొప్ప మనిషి. అయితే, భర్త గొప్పతనానికి వెల చెల్లించేది సాధారణంగా భార్యే.

1804 జూలైలో ఆరన్ బర్ తో తుపాకుల ద్వంద్వయుద్ధంలో హామిల్టన్ చనిపోయాడు. ఇంటి నిండా పిల్లలు, మెడ నిండా అప్పులు. భార్య ఎలిజబెత్ కాంగ్రెసును అడగవలసి వచ్చింది. నా భర్త ఔదార్యంతో వదులుకున్నది నా బిడ్డలకోసం తిరిగి ఇప్పించండి అని అడగడం ఎంత కష్టమో ఆలోచించండి. 1816లో, అంటే ఆయన పోయిన పన్నెండేళ్ళకు, ఆమె పేరనే ఒక ప్రత్యేక చట్టం చేసి, లెఫ్టినెంట్ కర్నలు హోదాలో ఐదేళ్ళ పూర్తి జీతం ఇప్పించారు. న్యూయార్కులో అనాథ పిల్లలకు ఆశ్రమం స్థాపించినవారిలో ఆమె ఒకరు. 97 ఏళ్ళు బతికి, 1854లో ఈ వాషింగ్టన్ నగరంలోనే కన్నుమూసింది.

పేరున్న భర్త కాబట్టి ఆమెకోసం చట్టమే వచ్చింది. పేరులేనివారి సంగతి?

సాక్ష్యం ఏదీ?

1800 నవంబరు 8 రాత్రి యుద్ధశాఖ ఆఫీసు తగలబడిపోయింది. అంతకుముందు వచ్చిన అర్జీలన్నీ బూడిదయ్యాయి. కాగితం సర్కారు దగ్గర కాలిపోయింది, సాక్ష్యం తెమ్మని మాత్రం ముసలివాళ్ళను అడిగారు.

1818లో, బీదరికంలో ఉన్న ముసలి సైనికులకు పింఛను అన్నారు. ఆఫీసరుకు నెలకు 20 డాలర్లు, సిపాయికి 8. అనుకున్నదానికన్న ఎన్నో రెట్లు అర్జీలు వచ్చిపడ్డాయి. అబద్ధాలాడుతున్నారని గోల లేచింది. 1820లో మరో చట్టం తెచ్చారు. అర్జీదారు కోర్టులో నిలబడి, తన ఆస్తి జాబితా ప్రమాణపూర్వకంగా ఇవ్వాలి. ఒక ముసలి ఆవు, రెండు విరిగిన కుర్చీలు, ఒక ఇనుప కుండ, ఒక రాట్నం. ఇలా ఉంటాయి ఆ జాబితాలు. ఒకనాడు కత్తి దూసి వందమందిని నడిపించిన కెప్టెను, జడ్జి ముందు నిలబడి తన ఇంట్లో ఎన్ని పళ్ళేలున్నాయో లెక్క చెప్పుకోవాలి! జాబితా కాస్త బరువుగా ఉంటే పేరు కొట్టివేసేవారు.

1832లో వచ్చిన చట్టం నయం. బీదవాడినని చెప్పుకోనక్కరలేదు. రెండేళ్ళు కొలువు చేసిన ప్రతివారికీ కెప్టెను జీతానికి మించకుండా పూర్తి జీతం. దానికి ప్రశ్నలు మాత్రం ఉన్నాయి. ఎక్కడ, ఏ సంవత్సరం పుట్టావు? నీ వయసుకు ఆధారం ఉందా? కొలువులో చేరేనాటికి ఏ ఊళ్ళో ఉన్నావు? ఇష్టపడి చేరావా, పిలిపించారా, మరొకరికి బదులు వెళ్ళావా? నీ పై ఆఫీసర్లెవరు? విడుదల పత్రం ఉందా, ఉంటే ఏమయింది? నిన్ను ఎరిగినవారు మీ ఊళ్ళో ఎవరు?

ఏభై ఏళ్ళ కిందటి మాటలు. విడుదల పత్రం ఎలుకలు తినేశాయి. ఆఫీసరు ఎప్పుడో పోయాడు. దాంతో ముసలివాళ్ళు కోర్టు గుమాస్తా ముందు కూర్చుని కథ చెప్పుకున్నారు. ఏ ఏరు దాటాం, ఏ ఊళ్ళో మంచు కురిసింది, ఎన్నాళ్ళు పస్తున్నాం, ఎవరికి మశూచి పోసింది. గుమాస్తా వ్రాసుకున్నాడు. కింద సంతకం రానివాళ్ళు గీత మీద గీత అడ్డంగా గీశారు. పెద్ద సేనానుల చరిత్రలు పుస్తకాలలో ఉన్నాయి. మామూలు మనిషి తన నోట చెప్పిన యుద్ధం మాత్రం ఎక్కువగా ఈ అర్జీలలోనే మిగిలింది.

చింపిన పుటలు

మామూలు సైనికుల వితంతువుల వంతు వచ్చింది 1836లో. భర్త కొలువు ముగియకముందే పెళ్ళి అయిన భార్యలకు పింఛను అన్నారు. లెక్క చూడండి. యుద్ధం ముగిసేనాటికి ఇరవై ఏళ్ళ పెళ్ళికూతురు, చట్టం వచ్చేసరికి డెబ్భై దాటిన అవ్వ! తరువాతి చట్టాలు 1794 లోపు పెళ్ళిళ్ళకూ, 1800 లోపు పెళ్ళిళ్ళకూ గడువు పెంచుకుంటూ పోయి, 1853లో ఆ గడువు ఎత్తివేశాయి. సర్కారుకు దయ పెరుగుతూ వచ్చింది, అందుకునే చేతులు తరుగుతూ వచ్చాయి.

పెళ్ళి అయిందని రుజువేమిటి? చర్చి పుస్తకాలు కొన్నిచోట్ల లేనే లేవు. అక్కడి కుటుంబాలలో పెళ్ళిళ్ళూ పుట్టుకలూ ఇంటి బైబిలులో వ్రాసుకునే అలవాటుంది. మనవాళ్ళు పంచాంగం అట్ట వెనుక వ్రాసుకున్నట్లు. అవ్వలు ఆ పుట కత్తిరించి అర్జీతో పంపేశారు. జర్మను జాతివారు రంగులతో పక్షులూ పువ్వులూ చిత్రించి వ్రాసుకున్న వంశపత్రాలు పంపారు. పిల్లల పుట్టినరోజులు దారంతో కుట్టిన గుడ్డముక్కలు కూడా వచ్చాయి. ఆ పుటలెన్నో తిరిగి ఇళ్ళకు చేరలేదు. ఫైళ్ళలోనే ఉండిపోయాయి. ఇంట్లో బైబిలు ఉంది, అందులో పెళ్ళి పుట లేదు. పెళ్ళి పుట వాషింగ్టన్ దఫ్తరంలో ఉంది.

ఒక ‘డబ్ల్యు’ ఫైలు చెబుతాను. సారా ఆస్బర్న్ అనే ఆమె 1837లో పెన్సిల్వేనియాలో, 81వ ఏట వాఙ్మూలమిచ్చింది. భర్త వెంట సేనతో నడిచి, యార్క్‌టౌన్ ముట్టడిలో సిపాయిలకు గొడ్డుమాంసమూ రొట్టే వండి, కందకాలలోకి మోసుకుపోయి పెట్టిందట. వాషింగ్టన్ ఎదురుపడి, ఫిరంగి గుండ్లకు భయం లేదా అని అడిగాడట. మగవాళ్ళు పోరాడుతూ పస్తు కూడా ఉండాలా అని ఆమె జవాబు. 1781 అక్టోబరులో అక్కడ ఓడిపోయిన ఆంగ్ల సేనాని కారన్‌వాలీస్. అవును, ఆయనే! అక్కడ ఓడి, 1786లో మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చి, బెంగాలులో జమీందారీలు శాశ్వతం చేసిన దొర. 1802 నుంచి సర్కారు జిల్లాలలోకి వచ్చిన జమీందారీ బందోబస్తుకు మూలపురుషుడు. సారమ్మ పింఛను ఫైలుకూ మన తాతల శిస్తు చీటీకీ నడుమ ఇంత దగ్గర దారి ఉంటుందని నేననుకోలేదు.

తోసివేసిన అర్జీ

మధ్యాహ్నం ‘ఆర్’ ఫైళ్ళు చూడబోయాను. జేహూ గ్రాంట్ అనే నల్లవాడి అర్జీ తగిలింది. రోడ్ ఐలండులో బానిస. యజమాని తనను ఆంగ్లేయుల ఓడలకు అప్పగిస్తాడన్న భయంతో 1777లో పారిపోయి అమెరికను సేనలో చేరాడు. సామాన్ల బండి తోలాడు. పది నెలలకు యజమాని వచ్చి పట్టుకుపోయాడు. 1832 చట్టం రాగానే అర్జీ పెట్టుకున్నాడు. పారిపోయిన బానిసగా చేసిన కొలువుకు పింఛను లేదని 1834లో తోసేశారు. 1836లో మళ్ళీ వ్రాశాడు. ఊరూరా స్వేచ్ఛాస్తంభాలు పాతి, నోరున్న ప్రతివారూ స్వేచ్ఛ అంటుంటే, తన మనసూ దానివైపు మొగ్గిందని చెప్పుకున్నాడు. ఇవ్వలేదు.

ఆ జవాబులో తప్పులేని ఇంగ్లీషు ఉంది. చట్టం ఉంది. నాకు బాగా తెలిసిన భాష అది. నేనూ అలాంటివి వ్రాసినవాణ్ణే.

మా తాలూకాలో ఒక బడిపంతులుగారి భార్య కుటుంబ పింఛను కోసం వచ్చేది. సర్వీసు పుస్తకంలో ఆమె పేరు ఒకలా ఉంది, అర్జీలో ఒకలా ఉంది. పుట్టింటి పేరొకటి, అత్తింట పెట్టిన పేరొకటి. మూడుసార్లు కాగితం వెనక్కి పంపాను. మూడోసారి ఆమె, “బాబూ, మా వీథివాడివే గదా, నేనెవరో నీకు తెలియదా?” అంది. “నాకు తెలుసమ్మా, కాగితానికి తెలియాలి” అన్నాను. గది అంతా నవ్వారు. ఎంత తెలివైన జవాబు చెప్పాననుకున్నాను! నాలుగోసారి ఆమె రాలేదు. కొన్నాళ్ళకు కొడుకు వచ్చి, ఇక అవసరం లేదని చెప్పి వెళ్ళాడు.

ఫిల్ము తిప్పడం ఆపి, బోసి జేబు తడుముకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

ఎర్ర ఇటుకల మేడ

సాయంత్రం అమ్మాయి వచ్చి, నడిచిపోయే దూరంలోనే ఉందని పాత పింఛను ఆఫీసు మేడకు తీసుకువెళ్ళింది. అమెరికా అంతర్యుద్ధం తరువాత పింఛనుదారులు లక్షలలో పెరిగితే, గుమాస్తాల కోసం మాంట్‌గొమరీ మెగ్స్ అనే సేనాని 1887 నాటికి కట్టిన భవనం అది. కోటీ యాభై లక్షలకు పైగా ఇటుకలు పట్టాయి. లోపల 75 అడుగుల స్తంభాలు. ఇప్పుడు మ్యూజియం.

స్వాతంత్ర్య యుద్ధ సైనికుల వితంతువులలో చివరి పింఛనుదారు ఈ మేడ నుంచే పింఛను పొందింది. వెర్మాంటు రాష్ట్రపు ఎస్తర్ డామన్. 1835లో 21వ ఏట, డెబ్భై దాటిన ముసలి సైనికుణ్ణి పెళ్ళాడింది. 1906లో చనిపోయింది. యుద్ధం ముగిసి అప్పటికి 123 ఏళ్ళు.

మేడ చుట్టూ 1,200 అడుగుల పొడవున కాల్చిన మట్టితో సైనికుల ఊరేగింపు చెక్కి ఉంది. పడమటి గుమ్మం మీద ఒక బండి తోలేవాడున్నాడు. అతడు యుద్ధం వల్ల విముక్తి పొందిన నల్లవాడే కావాలని మెగ్స్ పట్టుబట్టి చేయించాడట. జేహూ గ్రాంట్ అర్జీ తోసేసి ఏభై ఏళ్ళయ్యాక, అదే పింఛనుశాఖ గుమ్మం మీద ఒక నల్ల బండివాడు ఎక్కి కూర్చున్నాడు. జేహూకు అందులో ఒక్క డాలరూ ముట్టలేదు. అయినా తలెత్తి చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి వస్తుంటే అమ్మాయి ఒక మాట చెప్పింది. ఆ ఫైళ్ళను అచ్చు అక్షరాల్లోకి ఎత్తి వ్రాసే పనికి 2023 నుంచి స్వచ్ఛంద సేవకులను పిలుస్తున్నారట. ఇంట్లో కూర్చునే కంప్యూటరులో చేయవచ్చు. ఎక్కడివారైనా చేయవచ్చు. కావలసిందల్లా గొలుసుకట్టు వ్రాత చదవడం. మా మనవడికి అది రాదు. అమ్మాయికీ అంతంతమాత్రమే. నాకు వచ్చు. నా కళ్ళు ముప్ఫైరెండేళ్ళు చూసింది అదే.

ఊరికి తిరిగి వచ్చాక, రోజూ ఉదయం కాఫీ అయ్యాక ఒక పుట ఎత్తి వ్రాస్తున్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని, తొందరపడకుండా. ఒక అవ్వ పేరు ఒకే ఫైలులో మూడు రకాలుగా వస్తుంది. మూడూ ఉన్నవి ఉన్నట్లు వ్రాస్తాను. ఏదీ కొట్టివేయను.